రోబో మోవర్లు, రోవర్లు తయారుచేసేవాళ్ల మీట్ పెట్టడం ఎలా: నేల వెతకడం నుంచి లాగ్ ఫైళ్ల దాకా

తనంతట తాను గడ్డి కోసే మోవర్ గానీ, చేలో సాళ్ల మధ్య తిరిగే రోవర్ గానీ సరదాకి చేసుకునేవాళ్లు ఇప్పుడు మన దగ్గరా ఉన్నారు. ఇబ్బంది ఏమిటంటే ఎవరి డాబా మీద వాళ్లు చేసుకుంటున్నారు. డాబా మీద ఈ మిషన్ సంగతి సగం కూడా బయటపడదు. చుట్టూ గోడలుంటే జీపీఎస్ సరిగా అందదు, సిమెంటు మీద చక్రం జారదు, ముప్ఫై మీటర్లు సూటిగా వెళ్లే చోటే ఉండదు. పైగా మనం నెలల తరబడి చూసీ చూసీ అలవాటు పడిపోయిన లోపాన్ని పక్కవాళ్లు ఒక్క చూపులో పట్టేస్తారు. అందుకని రెండు నెలలకు ఒకసారైనా అందరూ ఒక నేల మీద కలవాలి. అలాంటి ఒక రోజు మీట్ ఎలా పెట్టాలో మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాస్తున్నాను. పోటీ గురించీ ఎగ్జిబిషన్ గురించీ కాదు, అందరూ కలిసి పని చేసుకునే రోజు గురించి.

బయటి దేశాల్లో ఇది ఎప్పటి నుంచో ఉంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నావిగేషన్ 2004లో రోబో లాన్‌మోవర్ పోటీ మొదలుపెట్టింది. 2009లో స్పార్క్‌ఫన్ కంపెనీ కొలరాడోలో తన ఆఫీసు చుట్టూనే డ్రైవర్ లేని చిన్న బండ్ల పోటీ పెట్టింది. డాలస్‌లో పర్సనల్ రోబోటిక్స్ గ్రూప్ దశాబ్దాలుగా నడుస్తోంది, ఆ చుట్టుపక్కల పెరట్లో లాన్ ఉన్న తెలుగువాళ్లు ఎంతమందో కాబట్టి అక్కడివాళ్లు కొత్తగా ఏమీ మొదలుపెట్టక్కర్లేదు, వెళ్లి కలిస్తే చాలు. ఇక్కడ మనమే మొదలుపెట్టుకోవాలి.

1. ఎంతమంది, ఏ పనికి

మొదటి మీట్‌కి ఆరు నుంచి ఎనిమిది మిషన్లు చాలు. లెక్క చూడండి: ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా ఎనిమిది గంటలు, అందులో తనిఖీకి, భోజనానికి, లాగ్‌లు (మిషన్ తన పరుగు గురించి రాసుకున్న వివరాలు) చూడటానికి మూడు గంటలు పోతే మిగిలేది ఐదు. రెండు లేన్లు పెడితే మొత్తం పది గంటల పరుగు, ఎనిమిది మిషన్లకు పంచితే తలా గంటంబావు. పదిహేను మిషన్లను పిలిస్తే అది నలభై నిమిషాలకు పడిపోతుంది, కారు డిక్కీలో మిషన్ పెట్టుకుని వంద కిలోమీటర్లు వచ్చిన మనిషి ఆ నలభై నిమిషాల్లో ఒక వైరు ఊడితే ఏమీ చేయకుండానే వెళ్లిపోవాలి, మళ్లీ మీట్ అంటే రావడానికి మనసొప్పదు.

మిషన్ లేకుండా చూడటానికి వస్తామనేవాళ్లను వద్దనకండి. ప్రతి పరుగుకీ లేన్ పక్కన ఒక కాపలా మనిషి కావాలి, ఆ పని వాళ్లకే ఇవ్వండి. ఇంకో నిర్ణయం ముందే తీసుకోండి: మొదటి మీట్‌కి అందరూ బ్లేడ్లు విప్పేసి రావాలి. దారి తప్పకుండా తిరగడమే ఇంకా తేలని మిషన్‌కి బ్లేడు బిగించాల్సిన అవసరం లేదు.

2. నేల

40 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవు ఉంటే హాయిగా సరిపోతుంది. సుమారు అర ఎకరం, తెలంగాణ లెక్కలో 20 గుంటలు, ఆంధ్ర లెక్కలో 50 సెంట్లు. కాలేజీ గ్రౌండు, ఊరి చివర ఫామ్‌హౌస్, పంట తీసేసిన చేను, ఏదైనా పర్వాలేదు గానీ ఆకాశం బాగా కనబడాలి. నేల మధ్యలో నిలబడి చుట్టూ చూడండి, చెట్లు, భవనాలు మీ చూపుకి చాలా ఎత్తుగా అడ్డం వస్తుంటే వద్దు. ముదురు ఆయిల్‌పామ్ తోటలో పెడదామని ఎవరైనా అంటే మర్యాదగా కాదనండి. ఆ మట్టల కింద శాటిలైట్ సిగ్నల్ తెగిపోతూ ఉంటుంది, అనుభవం ఉన్నవాళ్లకే అక్కడ కష్టం. రేకుల షెడ్డు పక్కన కూడా వద్దు, సిగ్నల్ రేకు మీద పడి తిరిగొచ్చి స్థానాన్ని తప్పుగా చూపిస్తుంది.

నేల మరీ చదునుగా ఉండక్కర్లేదు, కొంచెం వాలు ఉంటేనే మంచిది. యాంటెన్నాను అరమీటరు ఎత్తు కడ్డీ మీద పెట్టిన మిషన్ 5 డిగ్రీల వాలులో అడ్డంగా వెళ్తే యాంటెన్నా కొన నాలుగు సెంటీమీటర్లకు పైగా పక్కకు వాలుతుంది, కింద చక్రాలు మాత్రం వేరే చోట ఉంటాయి. యాంటెన్నా ఎక్కడ బిగించారో ఆ కొలతలు ఆటోపైలట్‌లో (మిషన్‌ని నడిపే కంట్రోలర్ బోర్డు) ఎక్కించారా లేదా అనేది ఇలాంటి వాలు మీదే తెలుస్తుంది. ముందు రోజు ఒకసారి నేలంతా నడిచి రాళ్లు, తీగ ముక్కలు, గాజు పెంకులు ఏరేయండి. నేల సొంతదారుకి ఏం జరగబోతోందో వివరంగా చెప్పి ఒప్పించండి, కాలేజీ అయితే అనుమతి కాగితం మీద తీసుకోండి.

3. ఏ నెల, ఏ వేళ

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనకు బంగారం లాంటి కాలం. వేసవిలో లిథియం బ్యాటరీలకు కష్టం, చాలా లిథియం అయాన్ సెల్స్‌ని 45 డిగ్రీలు దాటితే చార్జ్ చేయకూడదు, మే నెలలో ఎండలో పెట్టిన నల్ల డబ్బాలో ఆ వేడి తేలిగ్గా వచ్చేస్తుంది. వానాకాలంలో బురద సంగతి చెప్పక్కర్లేదు. చలికాలం పొద్దున గడ్డి మీద మంచు ఉంటుంది కాబట్టి ముందు తనిఖీలు పెట్టుకుని, గడ్డి ఆరాక పరుగులు మొదలుపెట్టండి.

సాయంత్రం చీకటి పడకముందే ముగించడానికి వెలుతురు ఒక్కటే కారణం కాదు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మనలాంటి చోట్ల సూర్యాస్తమయం తర్వాత అయనోస్ఫియర్‌లో (శాటిలైట్ సిగ్నల్ దాటి రావాల్సిన పై వాతావరణ పొర) కల్లోలం వస్తుంది, ముఖ్యంగా మార్చి, సెప్టెంబరు చుట్టుపక్కల నెలల్లో, సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉండే ఏళ్లలో. అప్పుడు పగలంతా రాయిలా నిలబడ్డ ఆర్‌టీకే ఫిక్స్ (జీపీఎస్ స్థానం సెంటీమీటర్లలో తేలిన స్థితి) ఒక్కసారిగా ఊడిపోతుంటుంది. కారణం తెలియనివాళ్లు రాత్రంతా వైర్లు విప్పుతూ కూర్చుంటారు. పరుగులు ఐదింటికల్లా ఆపేయండి.

4. పిలిచేటప్పుడు అడగాల్సినవి

వస్తామన్న ప్రతి ఒక్కరి దగ్గరా వారం ముందే కొన్ని వివరాలు తీసుకోండి: మిషన్ బరువు, బ్యాటరీ రకం, ఎన్ని వోల్టులు, ఏ ఆటోపైలట్, ఏ జీపీఎస్, రిమోట్ ఏది, టెలిమెట్రీ రేడియో (మిషన్‌కీ లాప్‌టాప్‌కీ మధ్య సమాచారం పంపేది) ఏ ఫ్రీక్వెన్సీ. వీటితో పాటు ఒక చిన్న వీడియో: చక్రాలు గాల్లో తిరుగుతుండగా ఎర్ర బటన్ నొక్కితే ఆగడం. ఈ వీడియో పంపనివాళ్లకు మీట్‌లో చోటు ఇవ్వకండి, ఎంత స్నేహితుడైనా సరే.

ఫ్రీక్వెన్సీ ఎందుకు అడుగుతున్నామంటే, అమెరికా కోసం తయారైన 915 మెగాహెర్ట్జ్ టెలిమెట్రీ రేడియోలు ఇక్కడ కూడా అమ్ముతుంటారు గానీ, మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకోగల బ్యాండ్‌లో అవి లేవు. 865 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేవి గానీ, 2.4 గిగాహెర్ట్జ్‌వి గానీ తెచ్చుకోమనండి.

ఇంకోటి, దీన్ని పెద్ద అక్షరాల్లో రాయండి. సిక్ (SiK) సాఫ్ట్‌వేర్‌తో నడిచే టెలిమెట్రీ రేడియోలన్నీ ఫ్యాక్టరీ నుంచి ఒకటే నెట్ ఐడీతో (ఏ రేడియో ఏ జతదో చెప్పే నంబరు) వస్తాయి, 25. ఆర్డుపైలట్ (ఉచిత ఆటోపైలట్ సాఫ్ట్‌వేర్) బోర్డులన్నీ సిస్టమ్ ఐడీ 1తో మొదలవుతాయి. ఇంట్లో ఒక్కటే ఉంటుంది కాబట్టి ఎవరూ మార్చరు. ఒకే నేల మీద ఇలాంటివి రెండు కలిస్తే మీ లాప్‌టాప్‌లో నొక్కిన ఆర్మ్ బటన్‌కి (మోటార్లను కదలడానికి సిద్ధం చేసేది) పక్కవాళ్ల మిషన్ కదలొచ్చు. అందుకని పిలుపుతోనే ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చేయండి, 31, 32, 33 ఇలా. నెట్ ఐడీ అదే, సిస్టమ్ ఐడీ అదే, మిషన్ మీద అతికించే స్టిక్కర్ కూడా అదే.

5. అందరికీ ఒకటే బేస్

మీట్ పెట్టడంలో అసలు లాభం ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

మామూలు జీపీఎస్ రెండు మూడు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, గగన్ (మన దేశపు శాటిలైట్లు పంపే జీపీఎస్ సవరణ సిగ్నల్) కలిసినా మీటరు ప్రాంతంలోనే ఉంటుంది. గడ్డి కోయడానికి అది చాలదు. అందుకే అందరూ ఎఫ్9పీ లాంటి ఆర్‌టీకే రిసీవర్ వాడతారు. కదలకుండా ఒకచోట నిలబెట్టిన బేస్ రిసీవర్ తన లెక్కల్ని నిరంతరం పంపుతుంటే, మిషన్ మీది రిసీవర్ వాటితో పోల్చుకుని తన స్థానాన్ని సెంటీమీటర్లలో తేల్చుకుంటుంది. ఎఫ్9పీ తయారీదారు చెప్పే లెక్క ఒక సెంటీమీటరు, దానికి తోడు బేస్ నుంచి దూరం ప్రతి పది కిలోమీటర్లకు ఇంకో సెంటీమీటరు. బేస్ నేల పక్కనే ఉంటే ఆ రెండో ముక్క సున్నాతో సమానం. సర్వే ఆఫ్ ఇండియాకి దేశమంతా కార్స్ స్టేషన్ల (శాశ్వతంగా నిలబెట్టిన బేస్‌ల) నెట్‌వర్క్ ఉంది, ఆంధ్రలో భూముల రీసర్వేకి గ్రామ సర్వేయర్లు చేత్తో పట్టుకు తిరిగిన పరికరాలు నడిచింది కూడా ఈ పద్ధతి మీదే. మీకు అలాంటి సర్వీసు అందుబాటులో ఉన్నా సరే, మీట్‌కి మాత్రం సొంత బేస్ పెట్టమనే నేను చెప్తాను. ఊరి చివర మొబైల్ డేటా ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు.

ముందు రోజు సాయంత్రమే వెళ్లి నేల మూలలో, చెట్లకు దూరంగా, ఎవరి కాలూ తగలని చోట రెండు మీటర్ల ఎత్తు స్టాండ్ నిలబెట్టండి. స్టాండ్ కింద నేలలో చిన్న సిమెంటు దిమ్మ వేసి దాని మధ్యలో ఒక మేకు దిగ్గొట్టండి. యాంటెన్నా సరిగ్గా ఆ మేకుకి పైన ఉండాలి. బేస్‌ని గంటసేపు సర్వే-ఇన్ మోడ్‌లో ఉంచితే తన స్థానం ఇదీ అని ఒక సగటు తేలుస్తుంది. ఆ సగటు అసలు స్థానానికి మీటరు దూరంలో ఉన్నా ఆ రోజుకి నష్టం లేదు, అందరూ అదే బేస్‌ని నమ్ముతున్నారు కాబట్టి ఒకరికొకరికి తేడా రాదు. కానీ వచ్చే మీట్‌లో మళ్లీ సర్వే-ఇన్ చేస్తే సగటు ఇంకోలా వస్తుంది, పాత మ్యాపులూ పాత దారులూ అన్నీ ఆ మేరకు పక్కకు జరిగిపోతాయి, గట్టుకు అడుగు ఇవతల తిరగాల్సిన మిషన్ గట్టెక్కుతుంది. మొదటిసారి వచ్చిన అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, మేకు నుంచి యాంటెన్నా దాకా కొలిచిన ఎత్తు ఒక పుస్తకంలో రాసిపెట్టి, రెండోసారి నుంచి ఫిక్స్‌డ్ మోడ్‌లో అవే అంకెలు ఎక్కించండి.

బేస్ పంపే సమాచారం చాలా చిన్నది, సెకనుకు ఒక కిలోబైట్ ప్రాంతం. దాన్ని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లోకి తీసుకుని, ఆర్‌టీకేలిబ్‌తో వచ్చే ఉచిత ప్రోగ్రామ్‌తో ఎన్‌ట్రిప్ కాస్టర్‌లా (బేస్ సమాచారాన్ని నెట్‌వర్క్‌లో పంచిపెట్టే సర్వర్‌లా) నడిపితే మామూలు వైఫై రూటర్ ద్వారా అందరికీ అందుతుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. లాప్‌టాప్‌లో మిషన్ ప్లానర్ (ఆర్డుపైలట్‌ని సెట్ చేసే ప్రోగ్రామ్) వాడేవాళ్లు అదే సమాచారాన్ని టెలిమెట్రీ రేడియో ద్వారా మిషన్‌కి పంపుకోవచ్చు. రూటర్‌ని కూడా ఎత్తులో కట్టండి, మనుషులు గుంపుగా మధ్యలో నిలబడితే వైఫై బాగా తగ్గిపోతుంది.

6. తనిఖీ బల్ల

టెంట్‌హౌస్ నుంచి ఒక శామియానా, నాలుగు బల్లలు, కుర్చీలు తెప్పించండి. ఒక బల్ల తనిఖీకే. మిషన్ అక్కడికి రాకుండా నేల మీదికి వెళ్లకూడదు. ఇనప బల్ల మీద మాత్రం కంపాస్ కాలిబ్రేషన్ చేయకండి, దానికి ఇనుముకూ, పార్క్ చేసిన బండ్లకూ దూరంగా వెళ్లండి.

మిషన్‌ని చెక్క దిమ్మల మీద నిలబెట్టి చక్రాలు గాల్లో ఉండగా ఈ పరీక్షలు చేయండి. రిమోట్‌తో ముందుకు తోస్తే రెండు చక్రాలూ ముందుకే తిరగాలి, కుడికి తిప్పితే ఎడమ చక్రం వేగం పెరగాలి. తర్వాత చక్రాలు తిరుగుతుండగా రిమోట్ ఆపేయండి, ఆగాలి. మళ్లీ తిరుగుతుండగా ఆటోపైలట్ నుంచి మోటార్ డ్రైవర్‌కి వెళ్లే సిగ్నల్ వైరు పీకేయండి, అప్పుడూ ఆగాలి. ఈ చివరిదాన్ని చాలామంది ఇంట్లో చేసి చూడరు. కొన్ని డ్రైవర్లు సిగ్నల్ పోయినా చివరిగా విన్న వేగంతోనే తిప్పుతూ ఉంటాయి, అలాంటి మిషన్ మనుషుల మధ్య ఉండకూడదు.

ఎర్ర బటన్ నొక్కితే మోటార్లకు వెళ్లే కరెంటే తెగాలి. బటన్ ఆటోపైలట్‌కి ఒక సందేశం పంపి, ఆటోపైలట్ ఆపితే ఆగే ఏర్పాటు ఎమర్జెన్సీ స్టాప్ కిందికి రాదు, ఎందుకంటే మనం బటన్ వెతుక్కునేది ఆటోపైలట్ మాట విననప్పుడే. బటన్ మిషన్ వెనక భాగంలో, వంగకుండా చేత్తో కొట్టగలిగే ఎత్తులో ఉండాలి. బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజ్ ఉందా, హోవర్‌బోర్డ్ మోటార్లకు వెళ్లే వైర్లు ఎక్కడైనా చాసిస్‌కి ఒరుసుకుంటున్నాయా చూడండి. పాత కారు వైపర్ మోటార్లతో చేసిన చిన్న రోవర్లకు కూడా ఇదే తనిఖీ, చిన్నదని వదలకండి.

బ్యాటరీల చార్జింగ్‌కి శామియానాకి దూరంగా, నీడలో, గుడ్డలూ అట్టపెట్టెలూ లేని చోట విడిగా ఒక బల్ల వేయండి. పక్కన రెండు ఇసుక బకెట్లు, ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. అక్కడ ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) ఉబ్బితే గానీ, పొగ వస్తే గానీ ఆర్పే ప్రయత్నం కంటే ముందు మనుషుల్ని గాలి వచ్చే వైపుకి జరపండి, ఆ పొగ పీల్చకూడదు.

7. పరుగులు, ముగ్గు గీత

నేలను రెండు లేన్లుగా విడదీసి గూటాలు కొట్టి తాడు కట్టండి. నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు బేస్ ఆధారంగా కొలిచి ఒక ఫెన్స్ ఫైల్ తయారుచేసి అందరికీ ఇవ్వండి. కంచె దాటితే హోల్డ్, అంటే ఉన్నచోటే ఆగిపోవాలి, ఇంటికి తిరిగిరావడం వద్దు. తిరిగొచ్చే దారిలో ఎవరున్నారో మిషన్‌కి తెలియదు.

ప్రతి మిషన్‌కీ వరస ఒకటే. ముందు రిమోట్‌తో ఒక చుట్టు. తర్వాత వేగం సెట్టింగులు: ఎంత థ్రాటిల్‌కి ఎంత వేగం వస్తుందో ఈ గడ్డి మీద కొలిచి ఎక్కించాలి, సిమెంటు మీద కొలిచిన అంకె ఇక్కడ పనికిరాదు. ఆ తర్వాత స్టీరింగ్ రేటు. ఆర్డుపైలట్‌లో అయితే ముందు ఫీడ్ ఫార్వర్డ్ (అడిగిన మలుపుకి నేరుగా ఇచ్చే అవుట్‌పుట్) సరిచేసి, తర్వాతే పీ, ఐ (తప్పు చూసి సరిదిద్దే విలువలు) జోలికి వెళ్లండి. మిషన్ సూటిగా పోకుండా పాములా మెలికలు తిరుగుతుంటే విలువలు ఎక్కువైనట్టు, మలుపు చాలక ప్రతి మూలా దాటి వెళ్లిపోతుంటే తక్కువైనట్టు. ఇవి కుదిరాకే సెకనుకు అరమీటరు వేగంతో ఆటో మోడ్‌లో ఒక సరళరేఖ, అది బాగుంటే దీర్ఘచతురస్రం, అదీ బాగుంటే వరసలు వరసలుగా నేలంతా తిరగడం. వరస దాటించమని ఎంత బతిమాలినా ఒప్పుకోకండి.

ఇప్పుడు కొలత. లాప్‌టాప్ తెర మీద కనిపించే దారి చూసి మురిసిపోవద్దు, అది మిషన్ తాను ఎక్కడున్నానని అనుకుంటోందో చెప్పే గీత మాత్రమే. నిజంగా ఎక్కడ తిరిగిందో నేల చెప్పాలి. దానికి మన ఇళ్లలో ఉండే ముగ్గు పిండి చాలు. ఒక పాత డబ్బా అడుగున చిటికెన వేలి మందం రంధ్రం చేసి, సరిగ్గా రెండు వెనక చక్రాల మధ్యకి వచ్చేలా మిషన్‌కి కట్టండి. పిండి ముందే జల్లించి ఎండబెట్టాలి, తేమ ఉంటే గడ్డకట్టి రాలదు. మిషన్ కుదుపులకు పిండి సన్నటి ధారగా రాలుతుంది, వెనకాల తెల్లటి గీత పడుతుంది. అది వెళ్లాల్సిన దారిలో రెండు చివర్లా మేకులు కొట్టి, మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు లాగే దారం లాగి, ప్రతి మీటరుకీ దారానికీ గీతకీ ఎంత ఎడమో టేపుతో కొలవండి. ఒకరు కొలుస్తుంటే ఒకరు రాసుకోండి. గీత మొత్తం ఒకే వైపు మూడు సెంటీమీటర్లు జరిగి ఉంటే యాంటెన్నా కొలతల్లో తప్పు, అటొకసారి ఇటొకసారి ఊగితే స్టీరింగ్ ట్యూనింగ్‌లో తప్పు, మొదటి రెండు మీటర్లే వంకరపోయి తర్వాత సర్దుకుంటే బయల్దేరేటప్పుడు మిషన్‌కి తన ముఖం ఎటుందో సరిగ్గా తెలియలేదు, కంపాస్‌ని అనుమానించండి. మోటార్ల అయస్కాంతాల మధ్య కంపాస్‌తో విసిగిపోయినవాళ్లు రెండు యాంటెన్నాలతో దిశ తెలుసుకునే పద్ధతికి మారుతున్నారు, నా దృష్టిలో అది పెట్టిన ఖర్చుకి తగిన పనే.

ఈ కొలత మీద ఎందుకంత పట్టుబడుతున్నానంటే దీన్ని బట్టే గడ్డి కోసే టైమ్ తేలుతుంది. 30 సెంటీమీటర్ల వెడల్పు కోసే మిషన్ ఐదు సెంటీమీటర్లు అటూ ఇటూ తప్పితే, పక్కపక్క వరసలు ఎదురెదురు దిక్కులకు తప్పే అవకాశం ఉంది కాబట్టి వరసల మధ్య దూరం 20 సెంటీమీటర్లే పెట్టుకోవాలి. వంద చదరపు మీటర్లకు 500 మీటర్ల నడక, అరమీటరు వేగంతో మలుపులు కాకుండా 17 నిమిషాలు. తప్పు పది సెంటీమీటర్లయితే వరసల దూరం పదికి దిగుతుంది, నడక కిలోమీటరు అవుతుంది, టైమూ బ్యాటరీ ఖర్చూ రెట్టింపు.

మొదటి మీట్‌లో సగం మిషన్లు దీర్ఘచతురస్రం దాకా రాకపోవచ్చు. నిరాశ పడేవాళ్లకు డ్రైవర్ లేని బండ్లకు డార్పా (అమెరికా రక్షణ పరిశోధన సంస్థ) పెట్టిన పోటీ సంగతి చెప్పండి. 2004 మార్చిలో మొహావీ ఎడారిలో పెట్టిన మొదటి పోటీలో సుమారు 230 కిలోమీటర్ల దారిలో ఏ ఒక్క బండీ 12 కిలోమీటర్లు కూడా వెళ్లలేదు. మరుసటి ఏడాది ఐదు బండ్లు మొత్తం దారి పూర్తి చేశాయి. మధ్యలో వాళ్లు చేసింది నేల మీద టెస్టింగే.

8. బ్లేడు బిగించే రోజు

రెండో మీట్ నుంచి, అదీ ముగ్గు గీత పరీక్షలో నెగ్గిన మిషన్లకే. 30 సెంటీమీటర్ల బ్లేడు నిమిషానికి 3000 సార్లు తిరిగితే దాని కొన వేగం సెకనుకు 47 మీటర్లు, గంటకు 170 కిలోమీటర్లు. గోలీ అంత రాయి తగిలినా ఎగిరొచ్చి కన్ను తీస్తుంది. అందుకని పొడవాటి ఇనప పట్టీ బ్లేడ్లు మీట్‌కి తేవద్దనండి. గుండ్రటి డిస్క్ అంచున స్క్రూతో వదులుగా బిగించి, దేనికైనా తగిలితే వెనక్కి మడుచుకునే చిన్న బ్లేడ్లు చాలు, దుకాణాల్లో దొరికే రోబో మోవర్లలో ఎక్కువగా ఉండేవి ఇవే. చుట్టూ స్కర్ట్ (కిందికి దిగిన రక్షణ అంచు) ఉండాలి, మిషన్‌ని ఎత్తినా, ఒరిగినా బ్లేడు మోటార్ ఆగాలి, దీన్ని తనిఖీ బల్ల దగ్గర బ్లేడు తీసేసి డిస్క్ ఒక్కటే తిప్పి చూడాలి.

చూసేవాళ్లు తాడుకి కనీసం పది మీటర్లు వెనక. కాపలా మనిషికి కళ్లద్దాలు, బూట్లు. చిన్నపిల్లలు వచ్చి ఉంటే వాళ్ల బాధ్యత ఒక పెద్దమనిషికి పేరు పెట్టి అప్పజెప్పండి, అందరూ చూసుకుంటారులే అంటే ఎవరూ చూడరు. ఒకసారి ఒక్క మిషన్ మాత్రమే బ్లేడుతో తిరగాలి.

కొత్తగా మోవర్ మొదలుపెడదామనుకునేవాళ్లకు ఒక మాట. అన్నీ సున్నా నుంచి చేయక్కర్లేదు. జర్మనీలో పుట్టిన ఆర్డుమోవర్, ఓపెన్‌మోవర్ ప్రాజెక్టుల డిజైన్లు బయట అందుబాటులో ఉన్నాయి. ఓపెన్‌మోవర్‌ది తెలివైన దారి, యార్డ్‌ఫోర్స్ క్లాసిక్ 500 అనే దుకాణపు మోవర్ తీసుకుని దాని లోపలి ఎలక్ట్రానిక్స్ మార్చి ఎఫ్9పీ పెడతారు. ఆ మోవర్ ఇక్కడ దొరకడం కష్టం, అయినా వాళ్ల సర్క్యూట్లూ సాఫ్ట్‌వేర్ చదివితే చాలా తెలుస్తుంది.

9. లాగ్‌ల ముందు కూర్చోవడం

మూడున్నరకల్లా పెద్ద టీవీ ఉన్న గదిలోకి రండి, పగటి వెలుతురులో శామియానా కింద ప్రొజెక్టర్ కనబడదు. గది లేకపోతే మిగతా పరుగులు నడుస్తుండగానే ఒక్కో లాప్‌టాప్ చుట్టూ చిన్న గుంపులుగా కూర్చోండి. ఒక్కో మిషన్‌కి పది నిమిషాలు. తెర మీద మూడు గ్రాఫులు చాలు. మొదటిది జీపీఎస్ స్టేటస్, ఆర్డుపైలట్ లాగ్‌లో 6 ఉంటే ఆర్‌టీకే ఫిక్స్, 5 ఉంటే ఫ్లోట్, అంటే స్థానం ఇంకా సెంటీమీటర్లకు తేలలేదు. ఎక్కడెక్కడ 5కి పడిందో ఆ సమయానికి మిషన్ నేల మీద ఎక్కడుందో చూడండి, ఒకే చెట్టు దగ్గర అందరికీ పడితే అది చెట్టు సమస్య, ఒక్కరికే పడితే వాళ్ల యాంటెన్నా సమస్య. అందరూ ఒకే బేస్ వాడారు కాబట్టే ఈ తేడా తెలుస్తుంది, ఇంట్లో ఒంటరిగా ఎంత చూసినా ఇది తేలదు. రెండోది తిరగమన్న రేటు, తిరిగిన రేటు ఒకదాని మీద ఒకటి. మూడోది బ్యాటరీ వోల్టేజీ, మోటార్లకు వెళ్లిన అవుట్‌పుట్. మలుపులో వోల్టేజీ కుంగి, అవుట్‌పుట్ గరిష్ఠానికి తగిలి ఉంటే ఇక ట్యూనింగ్ ఎంత మార్చినా లాభం లేదు, మోటార్ గానీ గేరు గానీ మార్చాలి.

పక్కవాళ్లు చెప్పింది మిషన్ సొంతదారు రాసుకోవాలి, వాదన పెట్టుకోకూడదు. ఆ నియమం ఒక్కటి ముందే చెబితే మాటలు సాఫీగా సాగుతాయి.

10. రైతుల్ని పిలవండి

మనకు లాన్‌లు తక్కువ, కలుపు ఎక్కువ. అందుకే మన మీట్‌లో కనీసం ఇద్దరు రైతులు ఉండాలని నా గట్టి అభిప్రాయం. పత్తి సాళ్ల మధ్య సాధారణంగా 90 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి 60 వెడల్పు రోవర్ పడుతుందని మనం కాగితం మీద లెక్క వేస్తాం. గుంటక తోలిన మనిషి దాన్ని ఒక్కసారి చూసి, మొక్క కొమ్మలు వేశాక ఆ సందు ఎంత మిగులుతుందో, సాలు చివర మలుపుకి ఎంత చోటు వదులుతారో, నల్లరేగడి తడిస్తే చక్రానికి ఎలా అంటుకుంటుందో చెప్తారు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న తరచూ ఒకటే: ఇది పాడైతే ఊళ్లో ఎవరు బాగుచేస్తారు? దానికి సమాధానం ఉండేలా డిజైన్ చేసుకోండి, ఊరి మెకానిక్ షాపులో దొరికే బేరింగులు, బోల్టులు, చెయిన్లు వాడండి. విడిభాగాలు, చాసిస్ పనులకు హైదరాబాద్‌వాళ్లకు రాయదుర్గంలో టీ-వర్క్స్ (తెలంగాణ ప్రభుత్వ ప్రోటోటైప్ వర్క్‌షాప్) ఉంది, కానీ చేలో విరిగిన బోల్టు చేలోనే మార్చగలగాలి.

వెళ్లేముందు తాళ్లు, గూటాలు తీసేసి, ఒక పెద్ద అయస్కాంతాన్ని తాడుతో కట్టి నేలంతా ఈడ్చండి, ఇనప స్క్రూలు, ఇనప తీగ ముక్కలు దానికి అంటుకుంటాయి. అక్కడ రేపు పశువులు మేస్తాయి. బేస్ దిమ్మ మీద ఒక రాయి కప్పి ఎక్కడుందో సొంతదారుకి చూపించండి, దున్నేటప్పుడు తీసేయకుండా. ప్రతి మిషన్ పారామీటర్ ఫైలు, లాగ్ ఫైలు, ముగ్గు గీత కొలతలు తేదీ, మిషన్ నంబరుతో ఒకే ఫోల్డర్‌లో పెట్టి అందరికీ పంపండి. బేస్ స్టాండ్, రూటర్, రాస్ప్‌బెర్రీ పై వచ్చే మీట్ దాకా ఎవరి దగ్గర ఉంటాయో, వాటిని చార్జ్ చేసి ఒక రోజు ముందే ఎవరు తెస్తారో అక్కడే తేల్చుకుని పుస్తకంలో రాయండి, బేస్ అంకెల పక్కనే.